బొమ్మ రైలు పుట్టిన ఊరు

లివర్‌పూల్ అనగానే ఎవరికైనా రెండు గుర్తొస్తాయి. ఒకటి బీటిల్స్ పాట, రెండోది ఫుట్‌బాల్ ఆట. రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లకి మాత్రం ఈ ఊరు చూడ్డానికి మూడో కారణం కూడా ఉంది. 1830 సెప్టెంబరు 15న ఇక్కడి నుంచి మాంచెస్టర్‌కు రైలు కదిలింది. రెండు పెద్ద నగరాల మధ్య ఆవిరి ఇంజన్లతో, టైంటేబుల్ ప్రకారం నడిచిన తొలి రైలుమార్గం అదే. ఆ తర్వాత వందేళ్లకు పిల్లల చేతుల్లోకి రైళ్లు వెళ్లిందీ ఈ ఊరి నుంచే. పెద్ద రైలు పుట్టిన కథ మ్యూజియంలో కనిపిస్తుంది. బొమ్మ రైలు పుట్టిన చోటు మాత్రం వెతుక్కుంటే తప్ప దొరకదు.

మాకు ఆ చోటు చూపించింది ఒక పాత బొమ్మ ఇంజనే.

మా అక్కయ్యా బావగారూ లివర్‌పూల్‌లో ఉంటారు. వాళ్లబ్బాయికి పదేళ్లు. ఇంగ్లండ్‌లో ఆదివారం పూట మైదానాల్లో కార్లు వరసగా నిలిపి, డిక్కీలు తెరిచి ఇంట్లో పాత సామాను అమ్ముతుంటారు. కార్ బూట్ సేల్ అంటారు. మన దగ్గరి ఆదివారం సంతలాంటిదే, కాకపోతే గుడ్డ పరిచిన నేల బదులు కారు డిక్కీ. అలాంటిచోట మావాడు పదిహేను పౌండ్లకు ఒక నల్లటి రైలింజను కొన్నాడు. డబ్బా లేదు, కాగితం లేదు, కంపెనీ పేరు పైకి కనిపించడం లేదు. పక్కన 80054 అనే అంకె మాత్రం ఉంది. ఇంటికొస్తూనే తన దగ్గరున్న కొత్త హార్న్‌బీ రైలు సెట్టు పట్టాలమీద పెట్టబోయాడు. బావగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

‘‘ఆగరా, ముందు అదేమిటో తెలుసుకుందాం.’’

మంచిపనే చేశారు. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

నంబరు ఒకరిది, బొమ్మ ఇంకొకరిది

పాత బొమ్మ ఇంజను చేతికి రాగానే ఎవరైనా చేసే మొదటి పని దానిమీది నంబరు వెతకడం. మావాడూ అదే చేశాడు. 80054 అనేది బ్రిటిష్ రైల్వే 1950ల్లో వాడిన ఒక ఇంజను నంబరని తేలింది. ఆ రకం ట్యాంక్ ఇంజన్లు 1951 నుంచి 1957 దాకా 155 తయారయ్యాయి. బొగ్గు, నీళ్లు మోయడానికి వెనక వేరే బండి లేకుండా అన్నీ తనమీదే పెట్టుకుని తిరిగే ఇంజన్లవి. వాటిలో 15 మాత్రమే తుక్కు కాకుండా మిగిలాయి. ఆ పదిహేనింట్లో 80054 లేదు.

‘‘అయితే మామయ్యా, పెద్దది పోయింది, చిన్నది ఉందన్నమాట’’ అన్నాడు వాడు.

నిజమే. కానీ దీంతో బొమ్మ గురించి తెలిసింది ఏమీ లేదు. పక్కన రాసున్న పేరూ, నంబరూ అసలు ఇంజనువి. బొమ్మను ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ కరెంటుతో నడుస్తుంది అన్నది అందులో ఉండదు. దానికి ఇంజనును తిరగేయాలి. బొమ్మ తన పేరు కడుపు కింద రాసుకుంటుంది!

చేతిలోకి తీసుకుంటే మరో సంగతి. చిన్నదే అయినా బరువుగా ఉంది. కొండపల్లి బొమ్మను ఎత్తగానే అది తెల్లపొణికి కర్రని చేతికి తెలిసిపోతుంది కదా, ఇదీ అలాంటిదే. ప్లాస్టిక్ ఇంజను తేలిగ్గా ఉంటుంది. రేకు ఇంజను అంచుల్లో మడత కనిపిస్తుంది. ఇది పోత పోసిన లోహం. ఎక్కువభాగం జింకు ఉండే మిశ్రమం. తిరగేసి చూస్తే చక్రాలు ముందు రెండు, నడుమ ఆరు, వెనక నాలుగు. చక్రాలన్నీ లోహమే. వాటి నడుమ, ఇంజను పొట్టకు సరిగ్గా మధ్యలో, స్ప్రింగుమీద ఆడుతూ చిన్న లోహపు నాలుక ఒకటి కిందికి వేలాడుతోంది.

ఆ నాలుకే అసలు గుర్తు. దాని సంగతి అర్థం కావాలంటే బిన్స్ రోడ్డు వెళ్లాలి.

లయన్ నుంచి బిన్స్ రోడ్డు దాకా

మెర్సీ నది ఒడ్డున, పియర్‌హెడ్ పక్కన 2011లో తెరిచిన మ్యూజియం ఆఫ్ లివర్‌పూల్ ఉంది. ముందు అక్కడికి వెళ్లాం. అందులో లయన్ అనే ఇంజను ఉంది. 1838 నాటిది. లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే కోసం లీడ్స్‌లో చేశారు. దీని కథ గమ్మత్తుగా ఉంటుంది. 1859లో దీన్ని రేవు సంస్థకు అమ్మేశారు. పడవలు మరమ్మతు చేసే డాక్‌లో నీళ్లు తోడే పంపుకు ఇంజనుగా బిగించారు. చక్రాల మీద పరిగెత్తిన బండి దశాబ్దాలపాటు ఒకేచోట నిలబడి నీళ్లు తోడింది. 1920ల్లో కొందరు రైలు ప్రియులు దాన్ని గుర్తుపట్టి బయటికి తీయించారు. 1930లో రైలుమార్గం శతాబ్ది ఉత్సవాలకు బాగుచేసి మళ్లీ నడిపారు. పాత ఇంజనును ‘ఇది ఫలానాది’ అని గుర్తుపట్టడం పిల్లల సరదా మాత్రమే అనుకునేవాళ్లు లయన్ ఎదుట ఒక నిమిషం నిలబడితే చాలు. గుర్తుపట్టేవాళ్లు లేకపోతే అది ఏ తుక్కు బట్టీకో వెళ్లేది.

లైమ్ స్ట్రీట్ స్టేషన్లో లోకల్ రైలెక్కితే మొదట ఎడ్జ్‌హిల్ వస్తుంది. 1836 నుంచి వాడుతున్న స్టేషనిది. ప్రపంచంలో ఇంకా పనిచేస్తున్న అతి పాత స్టేషన్లలో ఒకటి. తర్వాతి స్టాపు వేవర్‌ట్రీ టెక్నాలజీ పార్క్. అక్కడ దిగి నడిస్తే బిన్స్ రోడ్డు. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. గిడ్డంగులు, చిన్న పరిశ్రమల షెడ్లు, వచ్చేపోయే వ్యాన్లు. టూరిస్టు బస్సులు ఇటు రావు. కానీ 1914 నుంచి 1979 దాకా ఇక్కడున్న ఫ్యాక్టరీ పేరు వింటే మనలో చాలామందికి చిన్నతనం గుర్తొస్తుంది. మెకానో!

చిల్లులున్న ఇనుప పట్టీలు, నట్లు, బోల్టులు, బుల్లి స్పానరు. సెలవుల్లో ఆ పట్టీలతో క్రేన్లూ వంతెనలూ కట్టిన తరం మన ఊళ్లలోనూ ఉంది. దాన్ని కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1863లో లివర్‌పూల్‌లోనే పుట్టాడు. మాంసం దిగుమతి చేసే వ్యాపారి దగ్గర గుమాస్తా. ఇంజనీరింగ్ చదువు లేదు. కొడుకుల కోసం రేకు కత్తిరించి క్రేను చేస్తూ చేస్తూ, అవే ముక్కలు అన్నిటికీ పనికొచ్చేలా సమాన దూరంలో చిల్లులు పెడితే సరిపోతుందని గ్రహించాడు. 1901లో పేటెంటు తీసుకున్నాడు. 1908లో మెకానో లిమిటెడ్ కంపెనీ పెట్టాడు. 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లు తన పేరుతోనే మొదలుపెట్టాడు. డింకీ కార్లు కూడా వీళ్లవే. 1931లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1936లో కన్నుమూశాడు.

ఆయన పోయిన రెండేళ్లకు, 1938లో, ఈ ఫ్యాక్టరీ నుంచి బల్లమీద పట్టే చిన్న రైళ్లు వచ్చాయి. ఆ కొలత పేరు డబుల్ ఓ. అందుకని హార్న్‌బీ డబ్లో అని పేరు పెట్టారు. యుద్ధం వచ్చి మధ్యలో ఆగినా, 1950ల్లో బ్రిటన్‌లో మధ్యతరగతి పిల్లల కలల బొమ్మ అదే. మావాడి నల్ల ఇంజను ఆ కుటుంబంలోదే. 80054 నంబరుతో డబ్లో ట్యాంక్ ఇంజను 1954లో అమ్మకానికి వచ్చింది. అసలు రకం ఇంజన్లు అప్పటికింకా తయారవుతూనే ఉన్నాయి. పెద్ద బండి పట్టాలెక్కుతుండగానే బుల్లి బండి దుకాణానికి వచ్చిందన్నమాట.

మూడో పట్టా

ఇప్పుడు ఆ నాలుక సంగతి. మామూలు రైలుకు రెండు పట్టాలు. డబ్లో రైలుకు మాత్రం నడుమ మూడోది కూడా ఉండేది. కరెంటు మధ్య పట్టాలోంచి వచ్చి, ఇంజను కింద నాలుకలోంచి మోటారుకు ఎక్కి, చక్రాల మీదుగా అటూ ఇటూ ఉన్న పట్టాల్లోకి దిగిపోతుంది. పట్టాలను ఎలా మెలితిప్పి వేసినా, రైలును గుండ్రంగా తిప్పి వెనక్కి తెచ్చినా గొడవ ఉండదు. పిల్లలు వేసుకునే పట్టాలకు అది సుఖం.

రెండు పట్టాల పద్ధతి వేరు. ఒక పట్టా ప్లస్సు, ఇంకోటి మైనస్సు. ఇంజను చక్రాలు రెండు వైపులనూ కలపకుండా మధ్యలో కరెంటు పారని పదార్థం పెడతారు. అలాంటి పట్టాల మీద పూర్తి లోహపు చక్రాలున్న మా నల్ల ఇంజనును పెడితే? ప్లస్సూ మైనస్సూ నేరుగా కలుస్తాయి. షార్ట్ సర్క్యూట్! కొత్త కంట్రోలర్లు చాలావరకు తమంతట తామే ఆగిపోతాయి. పాతవైతే కాలిపోయే ప్రమాదం ఉంది. బావగారు ఆపింది అందుకే.

చూడ్డానికి మాత్రం మూడో పట్టా నిజం రైలులా ఉండదు. 1950లో వేరే కంపెనీ ఒకటి ప్లాస్టిక్‌తో, రెండే పట్టాలతో, తక్కువ ధరకు రైళ్లు మొదలుపెట్టింది. పిల్లలూ తండ్రులూ అటు మళ్లారు. బిన్స్ రోడ్డు వాళ్లు 1959లో గానీ రెండు పట్టాలకు మారలేదు. అప్పటికే పాత పట్టాలు కొనుక్కున్న ఇళ్లు వేలల్లో ఉన్నాయి. వాళ్లను వదులుకోలేక కొంతకాలం రెండు రకాలూ చేశారు. కేటలాగు నంబరు 2తో మొదలైతే రెండు పట్టాలది, 3తో మొదలైతే మూడు పట్టాలది.

ఇక్కడో తమాషా ఉంది. ఒకే ఇంజనుకు రెండు పేర్లు పెట్టారు. రెండు పట్టాల మీద నడిచేదానికి ‘సిటీ ఆఫ్ లండన్’, మూడు పట్టాలదానికి ‘సిటీ ఆఫ్ లివర్‌పూల్’. పేరు చదివితే చాలు, కింద నాలుక ఉందో లేదో చెప్పొచ్చు. కానీ ఓడిపోతున్న పద్ధతికే సొంత ఊరి పేరు దక్కింది. ఆ రకం తక్కువగా అమ్ముడుపోయింది కాబట్టి ఇప్పుడు సేకర్తలు దానికే ఎక్కువ ధర పెడతారు. ధర ఉన్నచోట మాయ కూడా ఉంటుంది. పేర్లు మార్చి, రంగులు వేసి అమ్మేవాళ్లు ఉంటారు. అందుకే పేరుతో పాటు నాలుకా చక్రాలూ కూడా సాక్ష్యం చెప్పాలి.

1964లో మెకానో కంపెనీ ఆ ప్లాస్టిక్ రైళ్ల యజమానుల చేతికే వెళ్లింది. లివర్‌పూల్‌లో రైళ్ల తయారీ ఆగిపోయింది. మెకానో సెట్లూ డింకీ కార్లూ మరో పదిహేనేళ్లు నడిచాయి. 1979 నవంబరు 30న ఫ్యాక్టరీ మూసేశారు. వందల కుటుంబాలకు ఒక్కరోజులో పని పోయింది. కార్మికులు అంగీకరించలేదు. ఫ్యాక్టరీ ఆక్రమించి లోపలే బైఠాయించారు. ఫలితం లేకపోయింది. ఇప్పుడు ఆ భవనం కూడా లేదు. ఆ రోడ్డుమీద నిలబడి మావాడు సంచిలోంచి ఇంజను తీసి తిప్పి చూశాడు. ఇక్కడ పనిచేసినవాళ్ల పేర్లు దానిమీద లేవు. కానీ వాళ్ల పనితనం డెబ్భై ఏళ్లయినా చక్రం ఒరగకుండా ఉంది.

సముద్రం పక్కన మార్గేట్

అయితే మావాడి కొత్త సెట్టు డబ్బామీద హార్న్‌బీ అని ఎలా ఉంది? ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లండ్ ఆ చివర ఉంది.

లివర్‌పూల్ నుంచి లండన్ రెండు గంటల చిల్లర. అక్కడ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో వేగపు రైలెక్కితే మరో గంటన్నరలో మార్గేట్. కెంట్ జిల్లాలో సముద్రతీరపు ఊరు. స్టేషన్ బయటికి రాగానే ఇసుక తీరం. 1920 నాటి చెక్క రోలర్‌కోస్టర్ ఉన్న డ్రీమ్‌ల్యాండ్ పార్కు ఒకవైపు, 2011లో తెరిచిన టర్నర్ కాంటెంపరరీ చిత్రశాల ఇంకోవైపు. గాలి మాత్రం చెవులు కోసేస్తుంది. మన విశాఖ బీచ్‌లా చొక్కాతో తిరుగుదామనుకుంటే కష్టం.

ఊరికి కాస్త లోపలగా వెస్ట్‌వుడ్ అనే చోటు ఉంది. బస్సులు తిరుగుతుంటాయి. పెద్ద షాపింగ్ సెంటర్ ఉండటంతో జనం ఎక్కువే. 1954లో ఇక్కడే ట్రయాంగ్ రైళ్ల ఫ్యాక్టరీ తెరిచారు. లివర్‌పూల్‌ను ఓడించిన ప్లాస్టిక్ రైళ్లు ఇవే. తొలి ఇంజను 1950లో ఒక పెద్ద దుకాణం క్రిస్మస్ అమ్మకాల కోసం చేసిన ‘ప్రిన్సెస్ ఎలిజబెత్’. ఆ తొలినాళ్ల ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ వంకర తిరిగింది. వంకర పోయిన పాత నల్ల ప్రిన్సెస్ దొరికితే అది నకిలీ అనుకోకండి. తొలి రోజులదని అర్థం.

గెలిచినవాళ్లు ఓడినవాళ్ల కంపెనీనే కాదు, పేరునూ తీసుకున్నారు. 1965 నుంచి ట్రయాంగ్ హార్న్‌బీ. రెండిటి కొక్కేలు ఒకదానికొకటి తగలవు కాబట్టి, ఒక చివర ఆ కొక్కెం, మరో చివర ఈ కొక్కెం ఉన్న ప్రత్యేక వ్యాగన్లు కూడా అమ్మారు! 1972లో ట్రయాంగ్ అన్న మాట పోయి హార్న్‌బీ రైల్వేస్ మిగిలింది. 1990ల చివరికల్లా తయారీ చైనాకు వెళ్లింది. 2010లో వెస్ట్‌వుడ్‌లో సందర్శకుల కోసం ప్రదర్శన తెరిచారు. తర్వాత మార్పులు జరిగాయి కనుక బయల్దేరే ముందు వేళలు కనుక్కుని వెళ్లడం మేలు.

అంటే నేటి హార్న్‌బీ డబ్బాలో పేరు లివర్‌పూల్‌ది, వంశం మార్గేట్‌ది, పుట్టుక చైనాలో. అందుకే ‘హార్న్‌బీ’ అన్న ఒక్క మాట చూసి పాత ఇంజనునూ కొత్త పట్టానూ కలపకూడదు.

డబ్లో అచ్చులు ఏమయ్యాయన్నది ఇంకో ముక్క. వాటిని ఎసెక్స్‌లోని రెన్ అనే కంపెనీ తీసుకుంది. 1990ల తొలినాళ్ల దాకా అవే ఇంజన్లను కొత్త రంగుల్లో అమ్మింది. ఆకారం అదే, బరువు అదే. మావాడి రకం ట్యాంక్ ఇంజను కూడా అందులో ఉంది. కానీ రెన్ వాళ్లవి రెండు పట్టాల బండ్లు, పొట్ట కింద నాలుక ఉండదు. ఆ ఒక్క గుర్తుతో అనుమానం తీరిపోయింది. ఇది బిన్స్ రోడ్డు ఇంజనే.

మీకూ దొరికితే...

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇలాంటివి సంతల్లో తరచూ కనిపిస్తుంటాయి. ఇక్కడ కూడా పాత బంగళాల అటకల మీద దొరకడం వింతేమీ కాదు. దొరికితే వరసగా ఇలా చూడండి.

మొదట కొలత. పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లయితే పాత పెద్ద రకం, ఓ గేజ్. 16.5 అయితే బ్రిటన్ డబుల్ ఓ గానీ, మిగతా దేశాల హెచ్‌ఓ గానీ. 12 అయితే టీటీ, 9 అయితే ఎన్. డబుల్ ఓ, హెచ్‌ఓ రెండిటికీ పట్టా ఒకటే అయినా ఇంజను సైజు వేరు. మొదటిది అసలులో 76వ వంతు, రెండోది 87వ వంతు. బ్రిటన్ ఇంజన్లు చిన్నవి, వాటిలో అప్పటి మోటారు పట్టక బొమ్మను కాస్త పెద్దది చేసి పట్టాను అలాగే ఉంచేశారు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 76వ వంతు చేస్తే 22 మిల్లీమీటర్లు రావాలి. కాబట్టి ఈ పట్టాలమీద నడిచే భారతీయ రైలు బొమ్మ ఎంత బాగున్నా కాళ్లు దగ్గరపెట్టుకుని నడుస్తున్నట్టే.

రెండోది పొట్ట. మధ్యలో చిన్న నాలుక ఉంటే డబ్లో కావచ్చు. పొడవాటి బద్దీ ఉంటే జర్మనీలోని గోపింగెన్ ఊరి మార్‌క్లిన్ కావచ్చు. డబ్లోకు 12 వోల్టుల డీసీ కావాలి, మార్‌క్లిన్ పాత ఇంజన్లు ఏసీతో నడుస్తాయి. ఒకదాని కంట్రోలరు ఇంకోదానికి వాడకూడదు. మూడోది కొక్కెం. అయితే కొక్కేన్ని ఎవరైనా మార్చి ఉండొచ్చు, దాన్నొక్కదాన్నే నమ్మకండి. నాలుగోది అక్షరాలు. మెకానో లిమిటెడ్ అని ఉంటే లివర్‌పూల్. ట్రయాంగ్ అని ఉంటే 1965కు ముందుది, రెండు పేర్లూ ఉంటే 1965-72 మధ్యది. పేరూ నంబరూ చూడటం అన్నిటికంటే చివర.

పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎలక్ట్రీషియన్‌కు చూపించకుండా ప్లగ్గులో పెట్టకండి. డెబ్భై ఏళ్ల వైరు తొడుగు పెళుసై రాలిపోతుంటుంది. మోటారు విప్పి అయస్కాంతం బయటికి తీయకండి, దాని శక్తి తగ్గొచ్చు. మెరుస్తుందని రంగు అసలే వేయకండి. గీతలతో ఉన్న అసలు రంగే దాని పుట్టుక ధ్రువపత్రం.

అన్నీ తేలాక ఒక చీటీ రాసి డబ్బాలో పెట్టండి. ఏ ఊరిది, ఏ ఏడాదిది, ఎన్ని పట్టాలది, ఎన్ని వోల్టులది. మావాడు తన అక్షరాలతో తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి రాసి పెట్టుకున్నాడు. రేపు ఆ ఇంజను ఎవరి చేతికి వెళ్లినా, పట్టాలమీద పెట్టేముందు చీటీ చదువుకుంటే చాలు.